గరువు మీద మంచినీళ్ల బావి

1977 జూన్ 6, బాపట్ల

ఇవాళ్టి నుంచి నా ఉద్యోగం ఊరూరా తిరిగి బావుల్లో నీళ్లు తోడుకురావడం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి ఇదేం పని అని మా అత్తగారు అమీనా బీ ముఖం మీదే అడిగింది. నాకు మాత్రం సంతోషంగానే ఉంది. ట్యుటోరియల్ కాలేజీలో చెప్పిన పాఠమే చెప్పి చెప్పి విసుగెత్తింది.

స్కీము రెండేళ్లు. రైతులు వేసే యూరియా, అమోనియా పైరు తీసుకోగా మిగిలింది నైట్రేటుగా మారి భూమిలోకి దిగుతోందా, ఊటనీళ్లలో కలుస్తోందా, కలిస్తే ఎంత? ఇదీ ప్రశ్న. తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాల్లో బావులు ఎంచారు. ప్రతి నెలా అవే బావులు. ల్యాబు బాపట్లలో, ఇల్లు తెనాలిలో. మధ్యలో రైలు.

ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. నేను చదివింది, రాసేది తెలుగు. మా ఆవిడ జానీ బీకి తెలుగు మాటలు వచ్చు, అక్షరాలు రావు. అందుకని ఇందులో ధైర్యంగా రాయొచ్చు.

జూన్ 29, తెనాలి

ఆడపిల్ల. సైదా అని పేరు పెట్టాం. జానీ బీ కులాసా.

జూలై 21, బాపట్ల

వేమూరు వైపు నల్లరేగడిలో నీళ్లు దిగడానికి బద్ధకిస్తాయి. అక్కడి బావుల్లో నైట్రేటు తక్కువ. బాపట్ల దగ్గర ఇసక నేలల్లో పోసింది పోసినట్టే దిగిపోతుంది. ఇసకలో లోతు లేని గుంటలు తవ్వి దొరువులంటారు. ఆ నీళ్లే కావిళ్లతో మోసి తోటలకు పోస్తారు, ఆ నీళ్లే తాగుతారు. వాటిలో ఎక్కువ.

పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. పింగాణీ గిన్నెలో నీళ్లు ఇగరబెట్టి, అడుగున మిగిలిన తెల్లటి పొర మీద యాసిడ్ వేసి, తర్వాత అమోనియా కలిపితే పసుపు రంగు తేలుతుంది. ఎంత నైట్రేటో అంత పసుపు. 

అన్నిటికంటే ముదురు పసుపు రేపల్లె తాలూకా కొత్తగరువులో బసవేశ్వరరావు గారి బావిది. లీటరుకు నలభై అయిదు మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. ఇది మూడు వందలు దాటింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. ఊరు ఇసక గరువు మీద ఎత్తుగా ఉంటుంది. బావికి మూడు వైపులా అరటి, వంగ, పచ్చిమిర్చి. నాలుగో వైపు పశువుల కొట్టం, పెంటపోగు. పసుపు ఎక్కడి నుంచి వస్తుందో వెతకనక్కర్లేదు.

ఆగస్టు 10, బాపట్ల

ఆఫీసర్ గారికి ఆ రీడింగు చూపించాను. ఇలాంటి నీళ్లతో కలిపిన పాలు తాగి పసిపిల్లల ఒళ్లు నీలంగా మారుతుందని విదేశీ జర్నల్లో చదివాను. నైట్రేటు వాళ్ల కడుపులో మారి రక్తాన్ని పాడుచేస్తుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది కానీ రక్తం ఆ గాలిని మోయలేదు. ఆరు నెలల లోపు వాళ్లకే ప్రమాదం. పెద్దవాళ్లు తట్టుకుంటారు. దీనికి రంగు, రుచి, వాసన లేవు. కాచినా పోదు. పైగా నీరు ఆవిరై ఇది ఇంకా చిక్కబడుతుంది.

ఆయన అంతా విని, అక్కడ తల్లులు సీసాపాలు పడతారయ్యా, మనవాళ్లు చనుబాలిస్తారు, ఈ జబ్బు మనకు రాదు అన్నారు. నాకూ నిజమే అనిపించింది. ఇంటికి వచ్చి జానీ బీ ఒళ్లో సైదాని చూస్తే ఇంకా నిజమనిపించింది.

ఆగస్టు 23, రేపల్లె

బసవేశ్వరరావు గారికి చెప్పాను. పెద్దగా నవ్వారు.

"ఉప్పు లేదు, జిడ్డు లేదు. ఈ నీళ్లు పోస్తే కందిపప్పు రెండు పొంగుల్లో మెత్తబడుద్దండీ. ఇందులో యూరియా ఉందంటే, మీ మిషనే తేడాగా ఉందేమో చూస్కోండి సాయిబుగారూ."

మిషను లేదని, గిన్నె మాత్రమే ఉందని చెప్పాను. ఇంకా నవ్వారు. మజ్జిగ ఇప్పించారు. మంచి మనిషి. పెంటపోగు దూరంగా తీయించండి అంటే చూద్దాం అన్నారు.

నవంబరు 19, సాయంత్రం 4, తెనాలి

రైళ్లు ఆపేశారట. పక్కింటి రేకులు ఎగిరి వచ్చి మా గోడకు కొట్టుకున్నాయి. సైదా నోరు తెరిచి ఏడుస్తోంది, ఏడుపు వినపడడం లేదు. అంత గాలి.

నవంబరు 21

మాకు పెంకులు లేచిపోయాయి. అంతే. అంతే అని రాయడానికి సిగ్గుగా ఉంది. రేపల్లె దిగువ నుంచి వచ్చినవాళ్లు చెబుతున్నారు, సముద్రం లేచి ఊళ్ల మీద నడిచిందని. కొన్ని ఊళ్లు ఉన్న చోట ఊళ్లు లేవని.

నవంబరు 24, రేపల్లె

లారీలో వచ్చాను. నైట్రేటు పక్కన పెట్టి, బావుల్లో ఉప్పెంతో చూడమన్నారు. తాగడానికి పనికొచ్చే బావి కనిపిస్తే గుర్తు పెట్టమన్నారు. పొద్దుటి నుంచి చూసినవన్నీ సముద్రమే. పరీక్ష అక్కర్లేదు, నాలుక మీద చుక్క వేసుకుంటే చాలు. కొన్ని బావులకు అదీ అక్కర్లేదు. తొంగి చూస్తే చాలు.

నవంబరు 25, కొత్తగరువు

ఉప్పెన ఈ గరువు వాలు దాకా వచ్చి ఆగింది. అరటి తోట నేలమట్టం. బసవేశ్వరరావు గారు పశువుల్ని బయట కట్టి, కొట్టం కడిగించి, ఇల్లు పోయినవాళ్లను అందులో ఉంచారు. గాదె తెరిచి గంజి కాయిస్తున్నారు. ఎవరూ చెయ్యమనలేదు. దిగువ ఊళ్ల నుంచి నడిచీ, మోయించుకునీ వస్తున్నారు, వందల మంది. ఎవరికీ పక్కవాళ్ల వైపు చూసే ఓపిక లేదు. అందరికీ కావలసింది నీళ్లు.

బావిలో ఉప్పు లేదు. మూడుసార్లు చూశాను.

నైట్రేటు సంగతి గుర్తు రాలేదని రాస్తే అబద్ధం. వచ్చింది. పైగా వాన కడిగి తోటలో ఉన్నదంతా బావిలోకి దింపి ఉంటుందనీ అనుకున్నాను. చుట్టూ చూశాను. తల్లుల ఒళ్లో పిల్లలు పాలు తాగుతున్నారు. సుద్దముక్క తీసి బావి చప్టా మీద పెద్ద అక్షరాలతో రాశాను: మంచినీళ్లు.

జనం కుండలతో తోసుకున్నారు. ఒక ముసలాయన నా చేతులు కళ్లకు అద్దుకున్నాడు.

నవంబరు 28

ఇవాళ చూసినవి రాయను.

డిసెంబరు 1, కొత్తగరువు

మళ్లీ వచ్చాను. మూడు రోజుల కిందట ఇక్కడికి పాలపొడి బస్తాలు వచ్చాయట. గుంటూరు నుంచి డాక్టరమ్మ కూడా వచ్చింది, వసుంధర గారు. చిన్న వయసు. నిద్ర లేక కళ్లు వాచి ఉన్నాయి.

కొట్టం వెనక ఒక తల్లి గోడకు ఆనుకుని కూర్చుంది. కోటేశ్వరమ్మ. జ్వరంతో పాలు ఎండిపోతే నెలన్నర కొడుక్కి పాలపొడి కలిపి పట్టింది. వాడు పొద్దున పోయాడు. ఊపిరితిత్తుల్లో నెమ్మేమో అనుకున్నానని డాక్టరమ్మ చెప్పింది. ఒళ్లు నల్లబడింది, ఆక్సిజన్ పెట్టినా మారలేదు అంది.

ఆక్సిజన్ పెట్టినా మారలేదు. జర్నల్లో చదివిన జబ్బు ఇదే.

ఇంకా ఎవరైనా పాలపొడి తాగే పిల్లలున్నారా అని అడిగాను. ఒకరే ఉన్నారు. దుర్గాంబ అనే ముసలామె మనవరాలు తులసి, మూడో నెల. కూతురూ అల్లుడూ నీళ్లలో కొట్టుకుపోయారు. దుర్గాంబ పిల్లని కట్టిన గుడ్డను పళ్లతో కరిచి పట్టుకుని తుమ్మచెట్టెక్కిందట. ఇప్పుడు ముందు పళ్లు రెండు లేవు.

వెళ్లేసరికి ఆమె మూడిటికల మీద నీళ్లు కాస్తోంది. జబ్బులు రాకుండా నీళ్లు బాగా కాచమని డాక్టరమ్మ అందరికీ చెప్పింది, సరిగ్గానే చెప్పింది. దుర్గాంబ అందరికంటే శ్రద్ధగా కాస్తోంది. గిన్నెడు నీళ్లు సగం అయ్యేదాకా. ఉగ్గుగిన్నె కడిగి బోర్లించి ఉంది. తులసి పెదవులు నేరేడు పళ్లు తిన్నట్టు ఉన్నాయి. గోళ్లూ అంతే.

డాక్టరమ్మను పక్కకు పిలిచి బావి సంగతి చెప్పాను. జూలై నుంచీ తెలుసని కూడా చెప్పాను. ఆమె వెంటనే తులసి మడమ దగ్గర సూది గుచ్చి తెల్లగుడ్డ మీద నెత్తురు చుక్క వేసింది. కాఫీ డికాషన్ రంగు. పక్కనే తన వేలు గుచ్చుకుని ఇంకో చుక్క వేసింది. అది ఎర్రగా ఉంది. గాలి తగిలితే ఎర్రబడాలి అని గుడ్డను ఆడించింది. డికాషన్ డికాషన్‌గానే ఉండిపోయింది.

"చదివాను. చూడడం ఇదే మొదటిసారి," అంది.

మందు ఇంజక్షను గుంటూరులో దొరకొచ్చని జీపు పంపింది. అప్పటిదాకా ఆ నీళ్లు చుక్క కూడా పోయొద్దు. మరి పాలు దేంతో కలపాలి? నరానికెక్కించే గ్లూకోజు సీసా ఒకటి తెరిచి దాంతో కలిపించింది. అలాంటి సీసాలు నాలుగే ఉన్నాయి. వాటి కోసం ఎదురుచూసేవాళ్లు చాలామంది.

దుర్గాంబ ఇదంతా వింటోంది. మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని నన్ను అడిగింది. అయిదు నెలల పాప ఉందన్నాను.

"మీ ఆవిడ దీనికి పాలిస్తుందా బాబూ?"

మేము సాయిబులమమ్మా అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

"సముద్రం నా కులమడిగి వచ్చిందా?" అంది దుర్గాంబ.

డిసెంబరు 2, కొత్తగరువు

బసవేశ్వరరావు గారికి ముందు నేనే చెప్పాలనుకున్నాను. గంజి గుండిగల దగ్గర ఉన్నారు. విని గరిటె కింద పెట్టారు.

"నా బావి పసిబిడ్డను చంపిందంటారా?"

పాలపొడిలో కలపకపోతే చాలండీ, పెద్దవాళ్లకు ఏ భయమూ లేదు అన్నాను.

"ఊళ్లన్నీ ఉప్పయిపోతే ఇంతమందినీ బతికించింది నా నీళ్లేనండీ. మంచినీళ్లని మీరే రాశారు. నా చేత్తో నేనే తోడి పోశాను ఆ తల్లికి. మీరు ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

ఆయన లేచి బావి దగ్గరికి వెళ్లి, భుజం మీది తువ్వాలు తీసి, నా రాతను రుద్ది రుద్ది తుడిచేశారు. కోపం కాదు. ఏడుస్తున్నారు. నీళ్ల కోసం నిలబడ్డవాళ్లంతా చూశారు.

మధ్యాహ్నానికి మాట కొట్టమంతా పాకింది. బావిలో విషం ఉంది. సాయిబు పరీక్ష చేసి చెప్పాడు. ఆసామి రాత తుడిచేశాడు. నిండు కుండలు వంపేశారు. గరువు దిగి కాలవకు పోయారు. ఆ కాలవలో గొడ్లు ఉబ్బి తేలుతున్నాయి. నేను దారికి అడ్డంగా నిలబడి అరిచాను. పెద్దవాళ్లు తాగొచ్చు, పసివాళ్లకే వద్దు! ఒకడు నన్ను భుజంతో నెట్టి వెళ్లాడు.

దుర్గాంబను బతిమాలాను.

"పసిదానికి ఇసమైంది నాకెట్టా మంచిదవుద్ది బాబూ?" అంది. ఆ మాటలో తప్పెక్కడుందో నేను చూపించలేకపోయాను. ఆమె కూడా కాలవకు వెళ్లింది.

డిసెంబరు 3, తెనాలి

జానీ బీకి అంతా చెప్పాను. అత్తగారు పక్కనే ఉంది. సైదాకి తక్కువైపోతుంది అంది. ఆ చావుల మధ్యకు పిల్లను తీసుకెళ్తారా అంది. ఇంకోటి కూడా అంది. మన ధర్మంలో పాలిచ్చిన పిల్ల కడుపున పుట్టిన పిల్లతో సమానం, రేపు వాళ్లవాళ్లెవరో వచ్చి తీసుకెళ్తే నువ్వు తట్టుకోలేవు అంది. అన్నీ నిజాలే.

జానీ బీ సైదా గుడ్డలు మడత పెడుతోంది. తలెత్తకుండా అడిగింది, రైలెన్నింటికి అని.

డిసెంబరు 4, కొత్తగరువు

తులసికి చప్పరించే ఓపిక లేదు. జానీ బీ ఉగ్గుగిన్నెలోకి పిండి చుక్క చుక్కగా నోట్లో పోసింది. కొట్టంలో ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఒకామె చీర పట్టుకుని చాటు చేసింది. దుర్గాంబ పిల్ల పాదం వదల్లేదు. మధ్యాహ్నం ఇంజక్షను వచ్చింది, అదీ నీలం రంగుదే. డాక్టరమ్మ తులసికి ఇచ్చింది. 

సాయంత్రానికి పెదవులు పెదవుల్లా అయ్యాయి. ఎండ పోకముందే తులసి రొమ్ము పట్టింది. దుర్గాంబ జానీ బీ తల నిమిరి అమ్మా అంది.

డిసెంబరు 6

వాంతులు, విరేచనాలు. కొట్టంలో ఏ మూల చూసినా అదే. కాలవ నీళ్లు. డాక్టరమ్మ నాతో మాట్లాడడం లేదు. కోపమో తీరిక లేకో.

బసవేశ్వరరావు గారి బావి దగ్గర ఎవరూ లేరు. చేద తాడు ఎండిపోయి ఉంది.

డిసెంబరు 7

దుర్గాంబకు ఉదయం నుంచి నీళ్లలా విరేచనాలయ్యాయి. గ్లూకోజు సీసాలు అయిపోయాయి. అందులో ఒకటి తులసి పాలకు వాడాం. అది ఉంటే బతికేదా? డాక్టరమ్మను అడిగాను. ఒక సీసాతో ఏమీ కాదండీ అంది. నా కోసం అందో నిజమో.

స్పృహలో ఉండగా దుర్గాంబ జానీ బీని పిలిచింది. తన కొడుకు బ్రహ్మయ్య బాపట్ల దగ్గర తోటపని చేస్తున్నాడని, కబురు పంపమని అంది. పిల్ల పేరు మార్చొద్దంది. జానీ బీ ఆమె చేతిలో చెయ్యి వేసి మార్చను అంది. మధ్యాహ్నం పోయింది.

బావి చంపింది ఒకణ్ణి. నా నోటి మాట చంపినవాళ్లు అంతకంటే ఎక్కువ. ఆ మాట నిజం. నిజం చెబితేనే చచ్చారు. చెప్పకపోతే తులసి చచ్చేది. దీన్ని ఏ గిన్నెలో ఇగరబెట్టి చూడను?

డిసెంబరు 8

పొద్దున్నే బావి దగ్గరికి వెళ్లి అందరూ చూసేట్టు చేద వేశాను. ఒక చెంబుడు తాగాను. ఇంకో చెంబుడు తాగాను. కొట్టంలోంచి చూస్తున్నారు. ఎవరూ రాలేదు. బసవేశ్వరరావు గారు గుమ్మంలో నిలబడి చూశారు. ఆయన వచ్చి దోసిలి పట్టారు. పోశాను. తాగారు. మేమిద్దరం మాట్లాడుకుని ఆరు రోజులైంది.

అయినా కదలిక లేదు. ఆసామి తన బావి నీళ్లు తాగడంలో వింతేముంది, పరీక్ష చేసినవాడు తన తప్పు కప్పుకోవడంలో వింతేముంది అనుకుని ఉంటారు.

అప్పుడు జానీ బీ వచ్చింది. ఒక చంకలో సైదా, ఒక చంకలో తులసి. నేను పిలవలేదు. పిలిచే ధైర్యం నాకు లేదు. పెద్దవాళ్లు తాగినది పాలలోకి దిగదని నాకు తెలుసు. తెలిసినా చెంబు సగమే నింపి ఆమె నోటికి అందించాను. గటగటా తాగింది. చప్టా మీద కూర్చుని, అందరి ఎదుటా చెంగు కప్పుకుని, తులసికి పాలిచ్చింది. తర్వాత సైదాకి.

జనం ఊరికే చూస్తున్నారు. చాలాసేపటికి కోటేశ్వరమ్మ లేచింది. కొడుకును పోగొట్టుకున్న మనిషి. కుండ తెచ్చి చప్టా మీద పెట్టి, పొయ్యండి అంది. ఆమె తాగాక మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చారు.

పసివాళ్ల పాలకు మాత్రం తెనాలి నుంచి ట్యాంకరులో నీళ్లు. డాక్టరమ్మ పట్టుబట్టి తెప్పించింది.

డిసెంబరు 21, తెనాలి

విరేచనాలు తగ్గాయట. మొత్తం ఎంతమందో డాక్టరమ్మ దగ్గర ఉంటుంది. అడగలేదు.

పిల్లలిద్దరూ మా ఇంట్లో. అత్తగారు గొణుక్కుంటూనే రెండో ఉయ్యాల కట్టింది.

1978 జనవరి 19, తెనాలి

బ్రహ్మయ్య వచ్చాడు. తల్లి పోయిన సంగతి కబురు అందేసరికి ఆలస్యమైంది. నెమ్మదైన మనిషి. పెళ్లయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. భార్య సుబ్బరత్నమ్మ కూడా వచ్చింది. తులసిని ఎత్తుకుని ఆమె వదల్లేదు.

మీ ఇంటి నీళ్లెక్కడివి అని అడిగాను. తోటలో దొరువు నీళ్లే అన్నాడు. ఆ చుట్టుపక్కల దొరువులు నా స్కీములో ఉన్నాయి. పసుపు ముదురే. సుబ్బరత్నమ్మ పాలివ్వలేదు. ఏ పాలు పట్టినా ఆ నీళ్లే కలపాలి.

జానీ బీ తలుపు చాటు నుంచి ముందుకు వచ్చింది. "మీ నీళ్లు మా ఆయన చూస్తారు అన్నయ్యా. ఆయన సరే అన్న రోజు తీసుకెళ్లండి," అంది.

బ్రహ్మయ్య నాకు దణ్ణం పెట్టాడు. నా మీద ఎంత బరువు పెట్టిందో జానీ బీకి తెలుసు.

ఫిబ్రవరి 20

బ్రహ్మయ్య దొరువు: పసుపు. ఇంటికి రాగానే జానీ బీ అదే అడిగింది. చెప్పాను. విని, లోపలికి వెళ్లి పాటేదో తీసుకుంది. విషం ఉందంటే సంతోషించే మనిషిని చూశాను. నేనూ సంతోషించాను.

మార్చి 21

పసుపు.

ఏప్రిల్ 14, కొత్తగరువు

బసవేశ్వరరావు గారు పెంటపోగు ఊరి బయటకు తీయించారు. చప్టా కొత్తగా కట్టించారు. తోటకు ఎరువు సగానికి తగ్గించారట. రీడింగు మాత్రం పోయిన జూలై కంటే ఎక్కువ. ఎన్నాళ్లకు తగ్గుద్దండీ అని అడిగారు. వేయడం మానేసినా కొన్నేళ్లు పట్టొచ్చన్నాను.

"నేను మానేస్తాను. పక్కవాళ్లు మానరు గదండీ. భూమి లోపల గట్లుండవు."

కొట్టంలో మళ్లీ పశువులున్నాయి. కోటేశ్వరమ్మ ఆ తోటలోనే కూలికి ఉంటోంది. నన్ను చూసి తల పక్కకు తిప్పుకుంది.

మే 22, తెనాలి

పసుపే. కానీ తులసికి ఎనిమిది నెలలు నిండాయి. అన్నం మెతుకులు నమిలి మింగుతోంది. కాళ్లు పట్టుకుని నిలబడుతోంది. ఆ ప్రమాదం వయసు దాటిపోయింది. ఈ నీళ్లు దాన్ని ఇక నీలం చెయ్యవు.

జానీ బీ అడిగింది, నీళ్లెలా ఉన్నాయని. పసుపు అన్నాను. అది నిజం. ఆ ఒక్క మాటతో ఆపితే ఇంకో నెల గడుస్తుంది. అలా ఇంకో నెల. బ్రహ్మయ్య నన్ను నమ్మాడు, ఏళ్ల తరబడి నమ్ముతాడు. అన్నం తిన్నాను. చెయ్యి కడుక్కున్నాను. తర్వాత మిగతాది కూడా చెప్పాను.

జానీ బీ నా కంచం తీసి పక్కన పెట్టింది.

"నేను అడిగింది నీళ్ల గురించి," అంది. "పిల్ల గురించి మిమ్మల్ని అడగలేదు కదా."

మే 23

పొద్దున లేచేసరికి పోస్టుకార్డు నా చొక్కా జేబులో పెట్టి ఉంది. బ్రహ్మయ్యకు రాయమని.

జూన్ 4

వచ్చారు. సుబ్బరత్నమ్మ కొత్త గౌను తెచ్చింది. జానీ బీ పిల్లకు నలుగు పెట్టి స్నానం చేయించి ఆ గౌనే తొడిగింది. ఏం తింటుందో, ఎప్పుడు నిద్రపోతుందో, ఎలా జోకొట్టాలో అన్నీ చెప్పింది. పేరు తులసి అనే పిలవండి, మీ అత్తగారికి మాటిచ్చాను అంది. బ్రహ్మయ్య నన్ను బావగారూ అన్నాడు.

బాపట్ల బండి ఎక్కించి వచ్చాను. అత్తగారు రెండో ఉయ్యాల విప్పబోతుంటే జానీ బీ వద్దంది.

జూన్ 6

ఎండగా ఉంది. పొద్దుటి నుంచి జానీ బీ రెండుసార్లు రవిక మార్చుకుంది. ఎడమవైపు తులసి తాగేది. సైదాకి ఆ వైపు అలవాటు లేదు, పట్టిస్తే మొహం తిప్పేస్తోంది. పెరట్లోకి వెళ్లి గోడ వైపు తిరిగి పిండేసి వచ్చింది. నేను చెంబుతో నీళ్లు పోశాను. ఇసక పీల్చేసుకుంది.